వెనకచెయ్యి మతం

మనిషి ప్రాణం గుండెలో ఉంటుందని కొందరు, మెదడులో ఉంటుందని కొందరు వాదించుకుంటూ ఉండగా, కువైత్‌లోని రిగ్గైలో ఒక ఇరుకు ఫ్లాటులో ఉంటున్న సత్యప్రసాద్ గారు ఆ వివాదాన్ని శాశ్వతంగా పరిష్కరించారు. ప్రాణం కుడి మోచేతిలో ఉంటుంది. ఈ సిద్ధాంతాన్ని ఒప్పుకోనివారికి ఆ పూట ఆయన చేతి టీ దొరకదు. ఒప్పుకున్నవారికి దొరుకుతుంది గానీ, కప్పు పట్టుకున్న తీరు బాగాలేదని అది చల్లారేదాకా తాగనివ్వరు.

ఆయనది కోనసీమ. ఉద్యోగం ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. మతం గోల్ఫు. గల్ఫుకి వచ్చినవాళ్లు ఎవరికి చేతనైనది వాళ్లు సంపాదించుకుంటారు, కొందరు బంగారం, కొందరు బీపీ. ఆయన మాత్రం గకారానికి ఒక ఓత్వం తగిలించుకుని గోల్ఫు సంపాదించారు.

ఆ మతానికి మంత్రం ఒక్కటే. కర్రని రెండు చేతులా పట్టుకుని బంతికి పక్కగా నిలబడినప్పుడు, బంతి పోవలసిన దిక్కుకి దగ్గరగా ఉన్నది ముందుచెయ్యి, దూరంగా ఉన్నది వెనకచెయ్యి.

"ముందుచెయ్యి దారి చూపిస్తుందండి, అంతే. బలవంతా వెనకచేతిది. కర్ర పైకెత్తినప్పుడు దాని మోచెయ్యి మడుచుకుని నేలకేసి చూడాలి. దిగేటప్పుడు పక్కటెముకలకి రాసుకుంటూ రావాలి. బంతిని దాటేటప్పుడు, అప్పుడు మాత్రమే, బారుగా సాగాలి. తొందరపడి ముందే సాగిపోయిందనుకోండి, పెళ్లివారు రాకముందే వంటలన్నీ ఖాళీ అయినట్టు. బంతి దగ్గరికొచ్చేసరికి విస్తట్లో వడ్డించడానికి ఏవీ మిగల్దు."

ఈ ఉపదేశం గోల్ఫు ఆడేవారితో ఆగితే లోకం క్షేమంగా ఉండేది. ఆగలేదు. తలుపు లాగేవాడూ, చపాతీ వత్తేవాడూ, గడ్డం గీసుకునేవాడూ ఎవరూ తప్పించుకోలేదు. ఆయనతో ఒకే గదిలో ఉండే సాయిబాబు, రాజోలు వైపు మనిషి, ఏసీ మెకానిక్కు, పొద్దున్నే గోడమీది వెంకన్న పటానికి దణ్ణం పెట్టుకుంటుంటే వెనకనుంచి గొంతు వినిపించేది.

"మోచేతులు ఎడంగా ఉన్నాయి సాయిబాబూ. దగ్గరికి లాక్కో. లేకపోతే కోరిక పక్కింటి దేవుడికి పోద్ది."

సాధనకి పరికరం కుబూస్ రొట్టెల పాకెట్టు. దాన్ని చంకకింద మోచేతితో అదిమిపట్టి, చేతిలో ఏది ఉంటే అది, గొడుగో చీపురో గరిటో, పైకెత్తి కిందికి దించాలి. కర్ర దిగేదాకా పాకెట్టు పడకూడదు. పడేసినవాడు ఆ పూట దానితోనే భోజనం చెయ్యాలి, కూర అడక్కూడదు.

ఫ్లాటు హాలులో ఈ మతానికి సంబంధించిన పురావస్తు ఆధారాలు చాలా ఉన్నాయి. ఒక మూల ఫ్రిజ్జు, దాని పక్కవాటున నిండా కర్ర తగిలిన సొట్టలు. అవి పాత యుగానివి. ఈ మధ్య ఆయన ఎందుచేతనో ఫ్రిజ్జుని క్షమించి, ఎదురు మూలనున్న వాటర్ కూలరు మీద పడ్డారు. "కుడి, కుడి" అన్న మాట కూడా మంత్రంలో ఈ మధ్యే చేరింది. మతాలన్నాక సంస్కరణలు ఉంటాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

ఈ ప్రచారాన్ని అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్న మనిషి వెంకటేశ్వరి.

వెంకటేశ్వరిది రాయచోటి దగ్గర పల్లె. మిష్రిఫ్‌లో ఒక పెద్ద విల్లాలో వంటమనిషి. శుక్రవారం సెలవు. ఆవేళ తమ్ముడు మునీంద్ర దగ్గరికి రిగ్గై వస్తుంది. మునీంద్ర అర్దియాలో ఒక గ్యారేజీలో పని చేస్తాడు. అతనూ, భార్య పుష్పలతా ఆ ఫ్లాటులో ఒక గదిలో ఉంటారు, సత్యప్రసాద్ గారూ సాయిబాబూ ఇంకో గదిలో. హాలు గోల్ఫుది.

ఆ చలికాలం మొదట్లో విల్లా వంటింట్లో సబ్బునీళ్ల మీద జారి వెంకటేశ్వరి కుడి మోచెయ్యి విరిగింది. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ చెయ్యి నడిమధ్యలో నిలిచిపోయింది. ముడవమంటే సగం ముడుస్తుంది, చాపమంటే సగం చాస్తుంది. ఆస్పత్రిలో మలయాళీ సిస్టర్ రోజూ వ్యాయామం చెయ్యమంది. అలా వదిలేస్తే ఆ చెయ్యి అలాగే ఉండిపోతుందని కూడా చెప్పింది. వెంకటేశ్వరి కొన్నాళ్లు చేసి మానేసింది. నొప్పికి కాదు. చేస్తున్నంతసేపూ మునీంద్రా పుష్పలతా ఎదురుగా కూచుని, చావు ఇంటికి వచ్చినవాళ్లలా చూస్తున్నందుకు.

"అక్కా, ఇంకొంచెం చాపు."

"నీ పని నువ్వు చూసుకోరా."

"పాపం, నొప్పేమో వదినకి," అంది పుష్పలత.

"పాపమేంది పాపం? ఎవురు చచ్చినారిక్కడ? ఇంగ నా చెయ్యి ఊసెత్తినారంటే బాగుండదు, చెప్తాండా."

ఆ రోజుతో ఆ ఇంట్లో ఆమె చెయ్యి నిషిద్ధ విషయమైపోయింది. అందరూ ఆమె మొహం చూసి మాట్లాడి, ఆమె చూడనప్పుడు చెయ్యి చూసేవారు. అది ఆమెకి తెలిసేది, ఇంకా మండేది. ఊళ్లో అందరి మోచేతుల గురించీ నోరు నొప్పెట్టేలా మాట్లాడే సత్యప్రసాద్ గారు మాత్రం ఆమె మోచేతి గురించి పల్లెత్తు మాట అనలేదు. ఆ మనిషిలో ఆమెకి కనబడ్డ సుగుణం అదొక్కటే. మిగతాదంతా పిచ్చి.

"సాయిబాబన్నా, ఈయప్పకి ఏమన్నా ఉండాదా? పొద్దస్తమానం మోచెయ్యి మోచెయ్యి అని ప్రాణం తీస్తాండాడు," అని ఒక శుక్రవారం వంటింట్లో అడిగేసింది.

సాయిబాబు రొయ్యలు వొలుస్తూ తలెత్తకుండా అన్నాడు. "ఏం చేత్తావండి. ఆయనది అసలు పుర్రచెయ్యండి."

వెంకటేశ్వరి ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వింది. పుర్రెలోకి చెయ్యి పోయి అంతా కెలికిపెట్టిన మనిషి. ఒక్క మాటలో ఎంత చక్కగా చెప్పాడు. గోదావరి వాళ్లకి తిండీ తెలుసు, మాటా తెలుసు అనుకుంది. అప్పటినుంచీ, ఆయన వినకుండా, సత్యప్రసాద్ గారికి పుర్రచెయ్యి అనే పేరు ఖాయం చేసింది. "మీ పుర్రచెయ్యి ఏమంటాండాడు?" అని అడిగినప్పుడల్లా సాయిబాబు, ఇందులో నవ్వేందుకేముందో తెలియక, "ఆయ్, బానే ఉన్నారండి," అనేవాడు.

*

మిష్రిఫ్ విల్లాలో మామా, అంటే ఇంటి యజమానురాలు, చెడ్డ మనిషి కాదు. వెంకటేశ్వరికి మంట పుట్టించింది కూడా అదే. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"వెంకటేశ్, ఈద్ ఖర్బాన్," అంది మామా ఒక పొద్దున.

కువైత్ వచ్చిన కొత్తలో వెంకటేశ్వరి ఈద్ అంటే పండగనుకునేది. ఎవరి చేతికి దెబ్బ తగిలినా, పండగ పాడైందని ఇల్లంతా బాధపడుతున్నారేమిటా అని ఆశ్చర్యపోయేది. ఇప్పుడు తెలుసు. ఈద్ అంటే చెయ్యి కూడా. చెయ్యి పాడైంది.

"లా మామా. ఈద్ జైన్," అంది చెయ్యి వెనక్కి దాచుకుని. బాగానే ఉంది అని.

మామా నవ్వలేదు. సంగతి నిదానంగా, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ చేతి సైగల్లోనూ చెప్పింది. రమదాన్ వస్తోంది. దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చునే పెద్ద హాల్లో, రోజూ జనం. మచ్‌బూస్ పళ్లెం ఒక మనిషి చాపంత ఉంటుంది. మాంసం, అన్నం నింపాక దాన్ని ఎత్తాలి, మోయాలి, చేతులు బారుగా చాపి అతిథుల మధ్య దించాలి. వెంకటేశ్వరి ఎడమచేతి మీద మోస్తూ, కుడిచేతిని ఊరికే ఆనించి నటిస్తోందని మామా ఎప్పుడో కనిపెట్టింది. ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, దాని గడువు రమదాన్‌కి ముందే వస్తుంది. ఆ లోపల పళ్లెం రెండు చేతులా దించగలిగితే ఇఖామా కొత్తది. లేకపోతే ఖలాస్. ఇంటికెళ్లి రెస్టు తీసుకో, టికెట్టు నేనే కొంటాను.

వెంకటేశ్వరికి ఒళ్లు మండింది. ఆమె రాయచోటి తెలుగులోనే అంది. "నేను పోవాలనుకున్న పొద్దు నేనే పోతా మామా. పాడైపోయిన మిక్సీ మాదిరి అట్టడబ్బాలో పెట్టి పంపిస్తే మాత్రం పోను."

మామాకి అందులో మిక్సీ ఒక్కటే అర్థమైంది. మిక్సీ కూడా ఖర్బానా అని అడిగింది.

*

శుక్రవారం భోజనాల దగ్గర ఈ సంగతి వెంకటేశ్వరి చెప్పింది, వాతావరణ వార్త చదివినట్టు. చెప్పి, ఎవరు పాపం అంటారో చూద్దామని చుట్టూ చూసింది. పుష్పలత కళ్లు నిండబోయి, ఆమె చూపు తగిలి ఆగిపోయాయి. మునీంద్ర కలిపిన అన్నాన్నే మళ్లీ కలపసాగాడు.

సత్యప్రసాద్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఇంతకంటే పెద్ద కష్టం వచ్చిపడిందండి నాకు," అన్నారు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"మా కంపెనీ గోల్ఫు పోటీ. అహ్మదీ అవతల ఇసుక మైదానంలో. ఈసారి ప్రతివాడూ ఒక జోడీని తెచ్చుకోవాలట. ఆ జోడీ జన్మలో గోల్ఫు కర్ర పట్టుకుని ఉండకూడదట. నాకు జోడీ లేదు. సాయిబాబు రానన్నాడు. మునీంద్రది స్పానరు తిప్పే చెయ్యి, బంతిని బిగిస్తాడు గానీ కొట్టడు."

"వదిన ఉంది కదన్నా," అంది పుష్పలత నోరుజారి, వెంటనే నాలుక కరుచుకుంది.

సత్యప్రసాద్ గారు జాలిగా నవ్వారు. జాలి వెంకటేశ్వరి మీద కాదు, మొత్తం రాయలసీమ మీద.

"అబ్బే. ఆవిడ వల్ల కాదమ్మా. ఇది కళ్ళాపి చల్లడం తెలిసినవాళ్లకే వస్తుందండి. మావైపు ఆడవాళ్లు పుట్టుకతోనే గోల్ఫు ఆటగాళ్లు. బక్కెట్లో చెయ్యి ముంచి, మోచెయ్యి నడుంకి అంటించి, ఆఖర్న చెయ్యి బారుగా విసిరితే వాకిలి ఆ చివరిదాకా నీళ్లు పోతాయి. అదే వెనకచెయ్యి. మీవైపు నీళ్లే తక్కువ, కళ్ళాపి ఎక్కణ్ణుంచి వస్తుంది."

"ఏమన్నావు?"

"ఉన్నమాటేనమ్మా."

"మేము సానిపి చల్లమా? మీరు నీళ్లెక్కువై చల్లుకుంటారు. మేము ఒక్క బిందెతో వీధంతా చల్లుతాం. మా అవ్వ సానిపి చల్లితే ఎదురింటోళ్ల గడప తడిసేది."

"చూసినవాడు లేడు కదండి."

"ఆ కర్ర ఇట్లా ఇయ్యి."

నేల తుడిచే మాపు కర్ర ఆమె చేతికొచ్చింది. ఎలా వచ్చిందో, అది అక్కడ ముందే సిద్ధంగా ఎందుకుందో ఆ వేడిలో ఎవరూ గమనించలేదు. సత్యప్రసాద్ గారు తానూ ఒక చీపురు పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

"ముందు పైకెత్తండి. దివానియాలోకి పళ్లెం పట్టుకెళతారు కదా. చిన్న పళ్లెం అనుకోండి. కుడి అరచేతి మీద పెట్టి భుజం పక్కకి ఎత్తినట్టు. మోచెయ్యి నేలని చూడాలి. ఆకాశాన్ని చూసిందంటే పళ్లెంలో మాంసం నెత్తిమీద పడుద్ది."

వెంకటేశ్వరి ఎత్తింది. మోచెయ్యి సగంలో పట్టేసింది. నొప్పి భుజందాకా పాకింది. ఆమె పళ్లు బిగించి, ఎవరు చూస్తున్నారో అని తలతిప్పింది.

ఎవరూ చూడటం లేదు. అందరూ సత్యప్రసాద్ గారిని చూస్తున్నారు. ఆయన కుడి మోచెయ్యి, ఎగరబోయి ఎందుకొచ్చిన గొడవని మానుకున్న కోడి రెక్కలా, గాల్లోకి లేచిపోయింది. చంకలోని కుబూస్ పాకెట్టు జారి సాంబారు గిన్నెలో పడింది. చీపురు వెనక్కి పోయి వాటర్ కూలరుని కొట్టింది. కూలరు ఎందుకైనా మంచిదని నీళ్లు వదిలింది.

మునీంద్ర పొట్ట పట్టుకున్నాడు. పుష్పలత కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏందన్నా, లోకానికంతా చెప్పేటోడివి, నీకే రాకపాయె," అంది వెంకటేశ్వరి నవ్వుతూ. నవ్వుతూ కర్ర దించింది. ఆ నవ్వులో చెయ్యి ఇందాకటికన్నా ఒక వెంట్రుకవాసి ఎక్కువ సాగింది. ఆమెకి తెలియలేదు.

"గురువుకి రావాలని ఎక్కడుందమ్మా," అన్నారు సత్యప్రసాద్ గారు నేలమీది నీళ్లు తుడుస్తూ, పూర్తి గాంభీర్యంతో. "కొట్టండి. పోటీ దగ్గర పడుతోంది."

*

అలా వెంకటేశ్వరి గోల్ఫులోకి దిగింది. చెయ్యి బాగుపడాలని కాదు, రాయలసీమ పరువు కోసం.

శుక్రవారాలు హాలు యుద్ధభూమి అయ్యేది. ఆమెకి రాకపోతే ఆయనకి అంతకంటే ఘోరంగా రాకపోయేది. ఆమె చెయ్యి సాగక ఆగిపోయేది. ఆయనది తొందరపడి ముందే సాగిపోయి, చివరికొచ్చేసరికి చచ్చుబడేది.

"అదిగో, నీ పెళ్లి వంటలన్నీ అయిపోయినాయి," అనేది ఆమె.

"మీవి ఇంకా పొయ్యి మీదే ఉన్నాయి," అనేవారు ఆయన. "అదీ మంచిదే. ఆలస్యంగా సాగే చెయ్యికే బలం. కాకపోతే ఏదో ఒకనాటికి సాగాలి కదమ్మా, అతిథులు కూచుని ఉన్నారు."

"చూపిస్తా ఉండు నీకు."

ఆ పంతం శుక్రవారానికి సరిపోక మిష్రిఫ్ దాకా పోయింది. పొద్దున్నే విల్లా వెనక ఖాళీ జాగాలో మాపు కర్రతో సాధన. కర్ర ఎత్తడం, మోచెయ్యి పక్కటెముకకి రాసుకుంటూ దించడం, అవ్వని తలుచుకుని సానిపి విసిరినట్టు చాపడం. ఒకరోజు మామా కిటికీలోంచి చూసి, "వెంకటేశ్, మజ్నూనా?" అని అడిగింది. పిచ్చెక్కిందా అని.

"గోల్ఫ్ మామా."

మామా ఆ మాట కాసేపు ఆలోచించి, కిటికీ నెమ్మదిగా మూసింది.

నొప్పి ఉండేది. ఒక్కోసారి కళ్లలో నీళ్లు తిరిగేంత. కానీ ఇదేదో వైద్యమని ఎవరూ అనలేదు. ఇంకొంచెం చాపు అని ఎవరూ బతిమాలలేదు. పుర్రచెయ్యి నోరు మూయించాలి, అంతే. అందుకు ఎంత నొప్పయినా ఆమెకి సమ్మతమే.

*

పోటీనాడు ఎండ మెత్తగా ఉంది. అహ్మదీ అవతల ఎడారిలో గోల్ఫు మైదానమంటే గడ్డి కాదు, ఇసుక. ఆటగాడు ఒక పచ్చరంగు చాపముక్క చంకలో పెట్టుకుని తిరుగుతాడు. బంతి ఎక్కడుంటే అక్కడ ఆ చాపముక్క పరిచి, దాని మీద బంతి పెట్టి కొడతాడు.

"పచ్చగడ్డిని చంకలో పెట్టుకుని తిరగతాండారు," అంది వెంకటేశ్వరి. "మేకలు చూస్తే నవ్వుతాయి."

కంపెనీ వాళ్లంతా టోపీలు, నల్లద్దాలు పెట్టుకుని వచ్చారు. సత్యప్రసాద్ గారి కర్రలు కొత్తగా కనిపించాయి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చినవట. ఆయన మొదటి దెబ్బకి బంతి కదల్లేదు, చాపముక్క ఎగిరి దూరంగా పడింది. రెండో దెబ్బకి బంతి కదిలింది గానీ, కాఫీ కాసేవాడి వైపు కదిలింది. నల్లద్దాల వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ప్రసాద్ భాయ్, నిరుడు మీరేనా ఆడింది?" అన్నాడొకడు హిందీలో. "ఏమైంది మీకు?"

"వయసు," అన్నారు సత్యప్రసాద్ గారు టోపీ సర్దుకుంటూ.

ఇంకొకడు వెంకటేశ్వరిని ఎగాదిగా చూశాడు. "గురువుగారే ఇలా ఉంటే, ఈ ఆయమ్మ ఏం కొడుతుంది?"

వెంకటేశ్వరికి ఇన్నాళ్లూ సత్యప్రసాద్ గారి మీద ఉన్న విసుగంతా ఒక్కసారిగా ఇల్లు మారింది. ఆయన్ని ఏమన్నా అనాలంటే తను అనాలి. ఈ నల్లద్దాలోళ్లు ఎవరు?

"పక్కకు జరగండి," అంది తెలుగులోనే. అందరూ జరిగారు.

చాపముక్క పరిచారు. బంతి పెట్టారు. మాపు కర్ర కాదు, అసలు కర్ర, ఇనుప మూతిది. చున్నీ నడుముకి బిగించి కర్ర ఎత్తింది. పళ్లెం భుజం పక్కకి వెళ్లింది. మోచెయ్యి నేలని చూసింది. అక్కడొక్క క్షణం ఆగి, ఆమె ఇఖామా, అట్టడబ్బా, మిక్సీ, నల్లద్దాలు అన్నీ తలుచుకుంది. మోచెయ్యి పక్కటెముకకి రాసుకుంటూ దిగింది. తర్వాత ఎదురింటి గడప కనిపించింది, అవ్వ కనిపించింది. ఆమె సానిపి విసిరింది.

చెయ్యి లోపల ఏదో పట్టుకున్నది వదిలినట్టయింది. ఠప్పుమని శబ్దం.

బంతి ఇసుకకి ఎత్తులో, తిన్నగా, ఎవరో పిలిచినట్టు పోయింది. అందరూ అరచేతులు కళ్లకడ్డం పెట్టుకుని అది పోయేవైపు చూశారు. వెంకటేశ్వరి చూడలేదు. ఆమె తన చేతిని చూసుకుంటోంది. మోచెయ్యి దగ్గర వంకర లేదు. భుజం నుంచి మణికట్టుదాకా గీత గీసినట్టు బారుగా ఉంది.

తలెత్తితే, బంతి చూడని మనిషి ఇంకొకరు ఉన్నారు. గోల్ఫు మతానికి పీఠాధిపతి అయిన సత్యప్రసాద్ గారు, జన్మలో మొదటిసారి, పోతున్న బంతికి వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

"సాగింది," అన్నారాయన మెల్లగా.

"యాడ సాగింది, ఇంగా గాల్లోనే ఉండాది," అందామె బంతి గురించే అనుకుని.

వాళ్ల జోడీకి ఆఖరి స్థానం వచ్చింది. ఆయన మిగతా దెబ్బలు అందుకు చాలినంత కృషి చేశాయి.

*

రమదాన్‌కి ముందు దివానియాలో విందు జరిగింది. మచ్‌బూస్ పళ్లెం నిండింది. మామా వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. వెంకటేశ్వరి పళ్లెం రెండు చేతులా ఎత్తింది, మోచేతులు పక్కటెముకలకి ఆనించింది, హాలుదాకా నడిచింది. గడప దగ్గర ఆ ఇంటి మగపిల్లవాడొకడు అందుకోబోతే కళ్లతోనే పక్కకి తోసింది. అతిథుల మధ్య వంగి, ఆఖర్న, అప్పుడు మాత్రమే, రెండు చేతులూ బారుగా చాపి దించింది. ఒక్క మెతుకు కదల్లేదు.

వెనక్కి వచ్చాక మామా ఆ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "గోల్ఫ్?" అని అడిగింది.

"గోల్ఫ్ మామా."

"ఇఖామా, యల్లా," అంది మామా, ఇక పద అన్నట్టు. తర్వాత తన మోకాలు చూపించి, దీనికి కూడా గోల్ఫ్ ఉందా అని అడిగింది.

ఆ శుక్రవారం వెంకటేశ్వరి మిఠాయి పొట్లంతో రిగ్గై వచ్చింది. సత్యప్రసాద్ గారు టీ పొడికి కొట్టుకి వెళ్లారు. సాయిబాబు మంచం కిందనుంచి ఒక పాత సంచీ లాగి దుమ్ము దులుపుతున్నాడు. సంచీలో గోల్ఫు కర్రలు.

వెంకటేశ్వరి ఇప్పుడు కర్రల సంగతి తెలిసిన మనిషి. ఒకటి లాగి, బంతికి గురిపెట్టినట్టు పట్టుకుంది. కుదరలేదు. ఇనుప మూతి అవతలివైపుకి తిరిగి ఉంది, అద్దంలో చూసినట్టు.

"ఇదేందన్నా, ఉల్టా ఉండాది?"

"మరి పుర్రచేతి కర్రలు అలాగే ఉంటాయి కదండీ."

"పుర్రచేతి కర్రలేంది? పిచ్చోళ్లకి వేరే కర్రలు చేస్తారా?"

సాయిబాబు దులపడం ఆపాడు. "పిచ్చోళ్లేవిటండి? పుర్రచెయ్యంటే ఎడంచెయ్యండి. మీవైపు ఏవంటారు?"

వెంకటేశ్వరి చేతిలోని కర్రని మరోసారి తిప్పి చూసింది. "రొడ్డచెయ్యి అంటాం," అంది నెమ్మదిగా. "ఆయన రొడ్డచేతి మనిషా? అన్నం కుడిచేత్తో తింటాడే."

"అన్నం, సంతకం రెండే కుడిచెయ్యండి. చిన్నప్పుడు బళ్లో కొట్టి మార్పించారంట. ఆటంతా ఎడంచెయ్యే. నిరుడు ఇదే పోటీలో కప్పు కొట్టారు కదండీ, ఈ కర్రలతోనే."

వెంకటేశ్వరి హాలు వైపు చూసింది. ఫ్రిజ్జు మీద పాత సొట్టలు. ఎదురు మూల వాటర్ కూలరు మీద కొత్త సొట్టలు. ఎడమచేతి మనిషికి వెనకచెయ్యి ఎడమది. కర్ర వెనక్కి పోతే ఫ్రిజ్జుకి తగలాలి. ఆయన కుడిపక్కకి మతం మార్చుకున్నది తన కట్టు విప్పిన శుక్రవారమే.

"తెలీని చేత్తో ఎందుకు ఆడినాడు?"

"నేనూ అడిగానండి. ఎదురుగా నిలబడి, అద్దంలో చూపించినట్టు, మీ చేతివాటంతోనే నేర్పొచ్చు కదా అని." సాయిబాబు ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "చెప్పొద్దన్నారు మరి. ఒక గదిలో మాట వినని చెయ్యి ఒక్కటే ఉంటే అందరూ దాన్నే చూస్తార్రా సాయిబాబూ, రెండుంటే రెండోదాన్ని చూసి నవ్వుతారు అన్నారండి. మునీంద్ర ఆస్పత్రి సిస్టర్ చెప్పిన కర్ర వ్యాయామం ఏదో ఈయనకి చెప్పాడంట. అచ్చం గోల్ఫులాగే ఉందని ఎగిరి గంతేశారు."

తలుపు చప్పుడైంది. సత్యప్రసాద్ గారు టీ పొడితో వచ్చి, మంచం దగ్గరి సంచీ చూశారు, వెంకటేశ్వరి చేతిలోని కర్ర చూశారు, సాయిబాబుని చూశారు. సాయిబాబు వెంకన్న పటం వైపు తిరిగి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, ఎన్నడూ లేనంత భక్తిగా దణ్ణం పెట్టాడు.

"అవి ఎవరివోనండి," అన్నారు సత్యప్రసాద్ గారు. "దాచిపెట్టమంటే పెట్టాను."

ఆ మనిషికి దండం పెడితే పారిపోతాడని, ఏడిస్తే ఉపన్యాసం చెబుతాడని వెంకటేశ్వరికి తెలుసు. వంటింట్లోకి వెళ్లి కుబూస్ పాకెట్టు తెచ్చింది. ఆయన్ని హాల్లోకి నడిపించి, ఎడమ మోచెయ్యి పైకెత్తి చంకలో దాన్ని దూర్చి, ఆ తిరగబడ్డ కర్ర చేతికిచ్చింది.

"వెనకచెయ్యి ఇదే కదన్నా."

"కుడి ఎడమలనేవి మాయమ్మా. శాస్త్రంలో..."

"గమ్మున కొట్టు. పడేస్తే నువ్వే తినల్ల. కూర అడగొద్దు."

మునీంద్ర, పుష్పలత గదిలోంచి వచ్చి గోడకి అతుక్కుని నిలబడ్డారు. సత్యప్రసాద్ గారు ఇటూ అటూ చూసి, వేరే దారి లేక, కర్ర ఎత్తారు. అది వెనక్కి పోయి, చాలాకాలానికి ఊరొచ్చిన చుట్టంలా, ఫ్రిజ్జుని ఠంగుమని పలకరించింది. అయినా ఆగలేదు. ఎడమ మోచెయ్యి పక్కటెముకకి రాసుకుంటూ దిగింది. పాకెట్టు పడలేదు. చెయ్యి బారుగా చాచుకుంది.

అందరూ ఫ్రిజ్జు మీద కొత్త సొట్ట చూస్తున్నారు. వెంకటేశ్వరి ఒక్కతే ఆయన మోచెయ్యి చూసింది.

"సాగింది," అంది.